నాన్న లిపిడ్ రిపోర్టు, మా వంటింట్లో నాలుగు నూనెలు: ఏది ఉంచాలి?

#1 గోదారి_అబ్బాయి, హైదరాబాద్

అందరికీ నమస్కారం. పోయిన వారం మా నాన్నగారికి రక్త పరీక్ష చేయించాం. వయసు 61. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అంటారు) 162, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 248, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారు) 34. షుగర్ హద్దులోనే ఉంది. డాక్టరుగారు రోజుకొక మాత్ర మొదలుపెట్టి, నూనె, నెయ్యి తగ్గించి మంచి నూనె వాడమన్నారు. ఆ మంచి నూనె ఏదో అడిగే వీలు లేకపోయింది, బయట చాలామంది కూర్చుని ఉన్నారు.

ఇంటికొచ్చాక టెన్షన్ మొదలైంది. అమ్మ నలభై ఏళ్లుగా వేరుశనగ నూనెతోనే వండుతోంది, మార్చనంటోంది. మామయ్య ఊరి నుంచి గానుగ పప్పునూనె (నువ్వుల నూనె) పంపుతాడు, అది తప్ప మిగతావన్నీ కెమికల్స్ అంటాడు. డాలస్‌లో ఉన్న అక్క ఫోన్ చేసి, గింజల నూనెలన్నీ విషమే, కొబ్బరినూనె, నెయ్యి వాడండి అంటోంది. నా భార్య వాళ్ల పుట్టింట్లో తవుడు నూనె వాడతారు. ప్రస్తుతం గట్టు మీద నాలుగు డబ్బాలున్నాయి, నాన్న మాత్రం భయంతో చారన్నమే తింటున్నారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. ఏది ఉంచాలి?

#2 పాఠాల_మాస్టారు, రాజమండ్రి

బాబూ, నేను ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పాను. వైద్యం నా పని కాదు, ఆ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నూనె అంటే ఏమిటో మాత్రం చెప్తాను. పేర్ల గొడవ సగం అక్కడే తేలిపోతుంది.

వేరుశనగ నూనె అయినా, నెయ్యి అయినా, మన నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు అయినా అణువు కట్టుబడి ఒకటే. గ్లిజరాల్ అనే చిన్న ముక్కకి మూడు పొడవాటి తోకలు అతికి ఉంటాయి. ఆ తోకలే కొవ్వు ఆమ్లాలు. మూడున్నాయి కాబట్టి ట్రైగ్లిజరైడ్ అన్నారు. నాన్నగారి రిపోర్టులో 248 అని ఉన్నది కూడా ఈ పదార్థమే, రక్తంలో తిరుగుతున్నది.

తేడా అంతా తోకల్లో ఉంది. తోకలో కార్బన్లు వరసగా ఉంటాయి. ప్రతి కార్బన్ తను పట్టగలిగినన్ని హైడ్రోజన్లను పట్టుకుని ఉంటే తోక నిటారుగా ఉంటుంది. అది సంతృప్త కొవ్వు. ఒకచోట రెండేసి హైడ్రోజన్లు తగ్గి ద్విబంధం పడితే అక్కడ తోక వంగుతుంది. ఒక్క వంపు ఉంటే ఏక అసంతృప్తం, రెండు మూడు ఉంటే బహు అసంతృప్తం.

మన వైపు సరుగుడు బాదులు కట్ట కట్టడం చూసే ఉంటావు. నిటారు కర్రలు సందు లేకుండా ఒకదానికొకటి ఆనుకుంటాయి. అదే వంకర తుమ్మకొమ్మల్ని మోపు కట్టి చూడు, మధ్యలో అన్నీ ఖాళీలే. కొవ్వు ఆమ్లాలూ అంతే. 18 కార్బన్లున్న స్టియరిక్ ఆమ్లానికి వంపు లేదు, అది సుమారు 70 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. అదే 18 కార్బన్లతో ఒక్క వంపున్న ఒలీయిక్ ఆమ్లం 13 డిగ్రీలకే కరిగిపోతుంది. రెండు వంపులున్న లినోలీయిక్ సున్నాకి అయిదు డిగ్రీలు కిందికి వెళ్తే గానీ గడ్డకట్టదు. చలికాలం పొద్దున్నే నెయ్యి ఎందుకు పేరుకుంటుందో, పొద్దుతిరుగుడు నూనె ఎందుకు పేరుకోదో ఇందులోనే ఉంది. పామాయిల్ ప్యాకెట్ డిసెంబరులో తెల్లగా గడ్డకడితే కల్తీ అని చాలామంది పారేసేవారు. అది కల్తీ కాదు, అందులో నిటారు తోకలు ఎక్కువ, అంతే.

కొబ్బరినూనెలో పదింట తొమ్మిది వంతులు సంతృప్తమే. అయినా 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, ఎందుకంటే దాని తోకలు పొట్టివి. సగానికి దగ్గరగా 12 కార్బన్ల లారిక్ ఆమ్లమే ఉంటుంది.

మీ గట్టు మీద ఉన్నవాటిని నూటికి లెక్కేస్తే సుమారుగా ఇలా ఉంటాయి. వేరుశనగ నూనెలో సంతృప్తం 20, ఏక అసంతృప్తం 48, బహు అసంతృప్తం 32. నువ్వుల నూనెలో 15, 41, 44. తవుడు నూనెలో 22, 42, 36. చూశావా, మూడూ అన్నదమ్ముల్లాంటివే. మీ ఇంట్లో యుద్ధం జరుగుతున్నది ఈ మూడింటి మధ్య! పొద్దుతిరుగుడు వేరే రకం, అందులో బహు అసంతృప్తమే అరవై దాటుతుంది. నెయ్యిలో సంతృప్తం 65 దాకా ఉంటుంది.

ఇంకొక్క మాట. ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ లేదని పెద్ద అక్షరాలతో వేస్తారు. మొక్క నుంచి వచ్చిన ఏ నూనెలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. అది జంతువుల కణాల్లో తయారయ్యేది. కాబట్టి ఆ ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

#3 డాలస్_పద్మ

మాస్టారూ, చాలా బాగా చెప్పారు. కానీ గోదారి అబ్బాయి వాళ్ల అక్క మాటను అంత తేలిగ్గా తీసేయకండి, నేనూ ఆవిడ లాగే ఆలోచిస్తాను. రిఫైన్డ్ నూనె తీయడానికి హెక్సేన్ అనే పెట్రోలియం ద్రావకం వాడతారు. తర్వాత కాస్టిక్ సోడా, తర్వాత మట్టితో రంగు తీయడం, చివరికి 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పట్టి వాసన తీయడం. ఇదంతా చేశాక అది తిండి ఎలా అవుతుందండీ?

రెండోది, అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో 1968 నుంచి 1973 దాకా ఒక పెద్ద ప్రయోగం జరిగింది. మానసిక వైద్యశాలల్లో ఉన్నవాళ్లకు వెన్న తగ్గించి మొక్కజొన్న నూనె పెట్టారు. కొలెస్ట్రాల్ తగ్గింది, చావులు తగ్గలేదు. ఆ లెక్కల్లో చాలా భాగం దశాబ్దాల పాటు అచ్చు కాలేదు, 2016లో పాత పెట్టెల్లోంచి తీసి మళ్లీ లెక్కకట్టి బయటపెట్టారు. ఇది చదివాక నాకు నమ్మకం పోయింది. మా ఇంట్లో పిల్లలకి నెయ్యి, కొబ్బరినూనె మాత్రమే వాడుతున్నాను.

#4 పథ్యం_అక్క, వరంగల్

నేను ఆసుపత్రిలో డైటీషియన్‌ని, పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. పద్మ గారూ, మీరు అడిగినవి సరైన ప్రశ్నలే.

మిన్నెసోటా ప్రయోగం నిజం, దాన్ని దాచిపెట్టడం తప్పే. కానీ అందులో చేరిన తొమ్మిది వేల పైచిలుకు మందిలో నాలుగో వంతే ఏడాదికి మించి ఆ భోజనం మీద ఉన్నారు. ధమనుల్లో పూడిక ఇరవై ముప్పై ఏళ్లు పట్టే వ్యవహారం, దాన్ని ఏడాదిలో తేల్చలేం. సంతృప్త కొవ్వు తీసి బహు అసంతృప్త కొవ్వు పెట్టి, రెండేళ్లకు మించి జరిపిన పాత ప్రయోగాల్ని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో కలిపి చూసింది. గుండె జబ్బు సుమారు 30 శాతం తగ్గింది. గింజల నూనెల్లోని లినోలీయిక్ ఆమ్లం వల్ల ఒంట్లో వాపు పెరుగుతుందని వాటిని విషమనేవాళ్లు చెప్పే మాట కూడా మనుషుల మీద నిలబడలేదు. 13 దేశాల్లోని 30 అధ్యయనాలను కలిపి 2019లో వేసిన లెక్కలో, రక్తంలో లినోలీయిక్ ఎక్కువున్నవాళ్లకే గుండె జబ్బు తక్కువ ఉంది.

కొబ్బరినూనె సంగతి. 16 ప్రయోగాలను కలిపి 2020లో చూస్తే, వేరే గింజల నూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్‌ని సుమారు 10 పాయింట్లు పెంచింది. హెచ్‌డీఎల్ కూడా కొంచెం పెరుగుతుంది, కానీ అది పెరిగితే గుండెకు మేలని ఇప్పుడు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. కాలేయం మీద ఎల్‌డీఎల్‌ని రక్తంలోంచి పట్టి లాక్కునే గ్రాహకాలుంటాయి. లారిక్, మిరిస్టిక్, పామిటిక్ అనే సంతృప్త ఆమ్లాలు ఎక్కువైతే ఆ గ్రాహకాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. స్టియరిక్ మాత్రం అంతగా పెంచదు. 162 ఉన్న మనిషికి కొబ్బరినూనె మొదలుపెట్టమని నేనైతే చెప్పను. కేరళలో తరతరాలుగా తింటున్నారు కదా అంటారు, వాళ్లు దానితోపాటు చేపలూ కూరగాయలూ తినేవారు, ఒంటి కష్టం చేసేవారు.

హెక్సేన్ 69 డిగ్రీలకే ఆవిరైపోతుంది, నూనెలో మిగిలేది అతి స్వల్పం. నాకు రిఫైనింగ్ మీద ఉన్న అభ్యంతరం వేరు. విటమిన్-ఈ, స్టెరాల్స్ కొంత పోతాయి, అధిక వేడిలో కాస్త ట్రాన్స్ కొవ్వు (వంపు పోయి తోక నిటారైన కొవ్వు, గుండెకు చెడ్డది) పుడుతుంది. అంతకంటే ముఖ్యం, రంగూ రుచీ వాసనా ఏమీ లేకపోవడంతో ఎంత పోస్తున్నామో చెయ్యికి తెలియదు.

ఇప్పుడు గోదారి అబ్బాయీ, మీరు అడగని విషయం చెప్తాను. నాన్నగారి రిపోర్టులో నన్ను ఆపింది 162 కాదు, 248, 34 జంట. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, హెచ్‌డీఎల్ తక్కువ. మన దేశంలో ఇది ఇంటింటి కథ. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతా తిరిగి చేసి 2023లో ప్రచురించిన సర్వేలో పెద్దవాళ్లలో 81 శాతం మందికి రక్తంలో కొవ్వుల లెక్క ఏదో ఒకటి తప్పింది. ఈ జంట ఎక్కువగా నూనె వల్ల రాదు. అవసరానికి మించి తిన్న తెల్లన్నం, పంచదార, మైదాలను కాలేయం కొవ్వుగా మారుస్తుంది. అలా తయారు చేసేదేమిటో తెలుసా? 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం! పామాయిల్‌లో ఉన్నదే. అంటే నెయ్యి మానేసి, చారులో ఇంకో రెండు గరిటెల అన్నం కలుపుకుని తింటే మనిషి సంతృప్త కొవ్వు మానినట్టు కాదు, ఇంట్లోనే తయారు చేసుకుంటున్నట్టు. మీ నాన్నగారు ఇప్పుడు భయంతో చేస్తున్నది అదే.

దయచేసి రేపటి నుంచి ఆ చారన్నం మాన్పించండి. పప్పు, కూర ఎక్కువ, అన్నం తక్కువ. మద్యం అలవాటుంటే అది ముందు ఆగాలి, ట్రైగ్లిజరైడ్లకు అంతకంటే పెద్ద శత్రువు లేదు.

ఇంకొకటి చేయండి. నెలకి మీ ఇంట్లో ఎన్ని లీటర్ల నూనె అయిపోతుంది, ఎంతమంది తింటారు? కిరాణా బిల్లు చూసి ఇక్కడ రాయండి. ఏ నూనె అనేది తర్వాత మాట్లాడుకుందాం.

#5 గోదారి_అబ్బాయి

అక్కా, మద్యం లేదండి. బిల్లులు చూశాను. వేరుశనగ నూనె నాలుగు లీటర్లు, పప్పునూనె ఒక లీటరు, నెయ్యి అర కిలో. నలుగురం.

#6 పథ్యం_అక్క

లీటరు నూనె 910 గ్రాములు. అయిదు లీటర్లంటే 4,550, నెయ్యి 500 కలిపితే 5,050. నలుగురికి, ముప్పై రోజులకి పంచితే తలకి రోజుకి 42 గ్రాములు. ఇది ఇంట్లోది మాత్రమే, ఆఫీసు క్యాంటీన్, ఆదివారం బిర్యానీ, సాయంత్రం పునుగులు లెక్కలోకి రాలేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2010లో ఇచ్చిన లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగవారికి రోజుకి 25 గ్రాములు, ఆడవారికి 20 చాలు. పొలం పనిలాంటి గట్టి శ్రమ చేసేవారికి 40, 30. మీ ఇంట్లో నలుగురూ కూర్చుని పనిచేస్తూ నాగలి దున్నేవాడి నూనె తింటున్నారు. ఏ నూనె అయినా గ్రాముకి 9 కిలో కేలరీలే, గానుగదైనా, ఆలివ్ అయినా, నెయ్యి అయినా.

నెలకి మొత్తం మూడు లీటర్లు తెచ్చుకుని, అది అయిపోతే మళ్లీ కొనకూడదని పెట్టుకోండి. వంటింట్లో సీసాతో వంచకుండా చెంచాతో కొలిచి పోయండి. అమ్మగారి వేరుశనగ నూనె హాయిగా ఉంచుకోండి. నువ్వుల నూనో తవుడు నూనో మార్చి మార్చి వాడండి. ఈ మూడింటిలో ఏదీ తప్పు కాదు.

#7 బజ్జీల_బండి, విజయవాడ

నమస్తే అండి. నాకు పదకొండేళ్లుగా మిర్చి బజ్జీ బండి ఉంది. ఇక్కడ అందరూ ఇంటి నూనె గురించి మాట్లాడుతున్నారు. మాలాంటివాళ్లు పామాయిల్ వాడతాం, పొద్దుతిరుగుడు వాడితే గిట్టదు. సాయంత్రం మిగిలిన నూనె మర్నాడు కొత్త నూనెతో కలుపుతాను. అందరూ అలాగే చేస్తారు. మా బండి దగ్గరికి స్కూలు పిల్లలు వస్తారండి, అందుకే అడుగుతున్నా. నేను చేస్తున్నది తప్పా? నిజం చెప్పండి.

#8 పాఠాల_మాస్టారు

నాయనా, అడిగినందుకు సంతోషం. నువ్వు పామాయిల్ వాడటం బండికి సంబంధించినంత వరకు తప్పు కాదు. కాగే నూనెలో మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. పిండిలో నీరు నూనెలోకి దిగి తోకల్ని గ్లిజరాల్ నుంచి ఊడగొడుతుంది. గాలిలో ఆక్సిజన్ ద్విబంధం దగ్గర దూరి తోకని ముక్కలు చేస్తుంది, అక్కడ ఆల్డిహైడ్లు అనే హానికరమైన ముక్కలు పుడతాయి. ముక్కలూ తోకలూ ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలవుతాయి. నీ మూకుడు అంచున ఎంత తోమినా వదలని పసుపు జిగురు ఉంటుంది చూడు, అది ఇదే.

ఆక్సిజన్ పట్టుకునే చోటు ద్విబంధం పక్కనే. రెండు ద్విబంధాలున్న లినోలీయిక్, ఒకటే ఉన్న ఒలీయిక్ కంటే పది రెట్లకు పైగా వేగంగా పాడవుతుంది. అందుకని రోజూ గంటల కొద్దీ కాగే మూకుడుకి పొద్దుతిరుగుడు నూనె అన్నిటికంటే చెడ్డది. ఇంట్లో పోపుకి మంచిదైన నూనె బండి మీద మంచిది కానక్కర్లేదు, పోపుకీ బండికీ లెక్క వేరు.

తప్పు ఎక్కడంటే, పాతదాంట్లో కొత్తది కలపడం. పాత నూనెలో ఆక్సిజన్ పట్టి పుట్టిన పెరాక్సైడ్లు కొత్త నూనెను కూడా త్వరగా పాడు చేస్తాయి, పాలలో తోడు వేసినట్టు. ఆహార భద్రతా సంస్థ 2018 జులై 1 నుంచి ఒక హద్దు పెట్టింది. వాడిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె విరిగి పుట్టేవి) 25 శాతం దాటితే దాన్ని ఇక వంటకు వాడకూడదు. కొలవడానికి చేతిలో పట్టే మీటర్లున్నాయి, కానీ నీ కళ్లూ ముక్కూ చాలు. నూనె చిక్కబడి గరిటె నుంచి తీగలా జారినా, బజ్జీ వేయగానే నురగ పొంగి త్వరగా అణగకపోయినా, మామూలు మంట మీదే పొగొచ్చి కళ్లు మండినా దాన్ని దించేయాలి. ఆ కళ్ల మంట అక్రోలిన్ వల్ల, గ్లిజరాల్ విరిగితే వచ్చేది.

రోజూ ఎంత అవసరమో అంతే నూనె పోసుకో, మూకుడు చిన్నది పెట్టుకో, మధ్యలో మాడిన పిండి పలుకులు తీసేస్తూ ఉండు. అవి కూడా నూనెను పాడు చేస్తాయి. బేరం లేని వేళ మంట తగ్గించు.

#9 బజ్జీల_బండి

మూకుడు అంచు జిగురు మాట చదివి లేచి వెళ్లి చూశానండి. అంత మందాన ఉంది. రేపు చిన్న మూకుడు కొంటాను. వాడిన నూనె ఏం చేయాలి, కాలువలో పోయాలా?

#10 పథ్యం_అక్క

కాలువలో వద్దు తమ్ముడూ. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేసే పథకం 2018 నుంచి ఉంది. కొనేవాళ్లు నగరాల్లో ఉన్నారు, లీటరుకి కొంత డబ్బు కూడా ఇస్తారు. ఆహార భద్రత కార్యాలయంలో అడిగితే మీ వైపు ఎవరు తీసుకుంటున్నారో చెబుతారు. తక్కువ ధరకు చిన్న హోటళ్లకు తిరిగి అమ్మేవాళ్లకు మాత్రం ఇవ్వకండి.

#11 అనంత_గానుగ

మాది అనంతపురం జిల్లా. చెక్క గానుగ పెట్టి ఆరేళ్లయింది. మా వైపు చెనిక్కాయ అంటాం, కర్నూలులో బుడ్డలంటారు, తెలంగాణలో పల్లీ అంటారు. ఏ పేరు పెట్టినా కాయ ఒకటే.

గోదారి అబ్బాయి వాళ్ల మామయ్య నూనె మంచిదే. మా నూనెలో వాసన ఉంటుంది, అందుకని జనం తక్కువ పోస్తారు. పథ్యం అక్క చెప్పిన మాట నిజం. కానీ గానుగ పేరుతో జరిగే రెండు విషయాలు నేను చెప్పకపోతే తప్పు.

ఒకటి, ధర. లీటరు నూనె రావాలంటే గానుగలో రెండున్నర నుంచి మూడు కిలోల చెనిక్కాయ పప్పు పోయాలి. ఆ రోజు పప్పు ధరని రెండున్నరతో గుణించి చూడండి. అంతకంటే తక్కువకి ఎవరైనా గానుగ నూనె ఇస్తున్నారంటే, నూనె తీశాక మిగిలే చెక్క (పిప్పి) అమ్మగా వచ్చే డబ్బు తీసేసినా లెక్క కుదరదు. అందులో ఏదో చౌక నూనె కలిసింది.

రెండోది, బూజు. కోత వేళ వాన తగిలినా, సరిగా ఎండకుండా గోతాల్లోకి ఎత్తినా పప్పుకి బూజు పడుతుంది. అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, కాలేయానికి కేన్సర్ తెచ్చేది. అది చాలా వరకు చెక్కలోకి పోతుంది, కానీ కొంత నూనెలోనూ ఉంటుంది. రిఫైనరీలో కాస్టిక్ సోడా కడుగుడులో అది పోతుంది, మా గానుగలో పోయే దారి లేదు. కాబట్టి మా నూనె మంచితనమంతా పప్పు ఏరడంలో ఉంది. ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి చేత్తో ఏరించాలి. అందుకే మా దగ్గర ఆరుగురు ఆడవాళ్లు పొద్దుటి నుంచి అదే పని చేస్తారు. మీరు గానుగకి వెళ్తే నూనె రుచి చూడకండి, పప్పు గోతం విప్పించి చూడండి.

#12 డాలస్_పద్మ

అనంత గానుగ గారూ, ఇది నాకు నిజంగా తెలియదు. కాస్టిక్ సోడా అంటే భయపడ్డాను గానీ అది తీసేసేదేమిటో ఎప్పుడూ ఆలోచించలేదు.

#13 పాడి_ఇల్లు, గుంటూరు జిల్లా

మా తాత 91 ఏళ్లు బతికాడు. రోజూ ముద్దపప్పులో గరిటెడు నెయ్యి. మాకు ఆరు గేదెలు, నెయ్యి అమ్ముకుని బతుకుతున్నాం. డాక్టర్లు నలభై ఏళ్లు నెయ్యి మీద పడ్డారు. ఆ నలభై ఏళ్లూ జనం చేత తినిపించింది ఏమిటి? డాల్డా! దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

#14 పాఠాల_మాస్టారు

మీ కోపం న్యాయమైనది, మాట్లాడాల్సిందే.

నూనెలో నికెల్ పొడి వేసి వేడి చేసి హైడ్రోజన్ పంపితే ద్విబంధాలు నిండిపోయి నూనె గడ్డకడుతుంది. నికెల్‌తో హైడ్రోజన్ ఎక్కించే దారి చూపిన ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త సబాటియేకి 1912లో నోబెల్ వచ్చింది. దాన్ని నూనెల మీదికి తెచ్చినవాడు జర్మనీకి చెందిన నార్మన్, 1902లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో డాల్డా 1937లో వచ్చింది. పసుపు డబ్బా మీద ఆకుపచ్చ చెట్టు బొమ్మ, మా అమ్మ ఆ డబ్బాల్లో తర్వాత తులసి మొక్కలు పెట్టేది.

హైడ్రోజన్ పూర్తిగా ఎక్కితే అది స్టియరిక్ అవుతుంది, పెద్ద హాని లేదు. కానీ అలా చేస్తే మైనంలా గట్టిపడుతుంది. నెయ్యిలా మెత్తగా ఉండాలని సగంలో ఆపేవారు. అక్కడే ప్రమాదం. నికెల్ మీద వాలిన ద్విబంధం కొన్నిసార్లు హైడ్రోజన్ పట్టుకోకుండానే వదిలేసుకుంటుంది, వదిలేటప్పుడు వంపు తిరగబడుతుంది. అదే ట్రాన్స్. ఒలీయిక్ ఆమ్లంలో ఎన్ని కార్బన్లు, హైడ్రోజన్లు, ఆక్సిజన్లు ఉన్నాయో అందులోనూ అన్నే, ఒక్క పరమాణువు తేడా లేదు. కానీ తోక నిటారైపోతుంది, 13 డిగ్రీలకు కరిగేది 45 డిగ్రీలకు గానీ కరగదు. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఇది చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది.

1990లో నెదర్లాండ్స్‌లో మెన్సింక్, కాటన్ అనే ఇద్దరు మనుషుల మీద పరీక్షించి చూపించారు. సంతృప్త కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది, ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ని పెంచడమే కాక హెచ్‌డీఎల్‌ని తగ్గిస్తుంది కూడా. డెన్మార్క్ 2003లోనే చట్టం తెచ్చింది. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో హద్దు 2021లో 3 శాతానికి, 2022లో 2 శాతానికి వచ్చింది. అంటే డాల్డా వచ్చిన 85 ఏళ్లకి. ఈ మధ్యలో తిన్నవాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

పాడి రైతుగా మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. నెయ్యిలో వనస్పతి (డాల్డా లాంటిది) కలిపి అమ్మే మోసాన్ని పట్టుకోవడానికి మన ప్రభుత్వం వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె కలపాలని నియమం పెట్టింది. నువ్వుల నూనెలోని ఒక పదార్థం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పంచదార తగలగానే ఎర్రబడుతుంది. నెయ్యి గులాబీ రంగుకి తిరిగితే దొంగ దొరికినట్టే. మా ల్యాబులో పిల్లల చేత ఏటా చేయించేవాడిని.

#15 పథ్యం_అక్క

పాడి ఇల్లు అన్నా, మీ తాతగారి నెయ్యి గరిటెతోపాటు ఆయన రోజూ నడిచిన దూరం కూడా చెప్పాలి. నెయ్యి విషం కాదు. అరవై దాటి ఎల్‌డీఎల్ 162 ఉన్న మనిషికి గరిటె కాదు, చెంచా. నాన్నగారికి ముద్దపప్పులో చెంచా నెయ్యి వేయమనే చెబుతాను, అది తిన్న తృప్తికి అన్నం తగ్గుతుంది.

#16 అశ్వారావుపేట_రైతు

పామాయిల్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. పన్నెండు ఎకరాల్లో తోట ఉంది. జనం పామాయిల్‌ని తిడుతుంటే మాకు బాధగా ఉంటుంది, రోజూ బయట తినేది ఎక్కువగా అదే. ఎకరానికి ఇంత నూనె ఇచ్చే పంట ఇంకోటి లేదు. గెల కోశాక ఒకటి రెండు రోజుల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే పండులోని ఎంజైమే నూనెను విరగ్గొట్టి పులుపెక్కిస్తుంది. ఫ్యాక్టరీలో పిండగానే వచ్చేది ఎర్రటి నూనె, కెరోటిన్ నిండుగా ఉంటుంది. దాన్ని తెల్లగా చేసి ప్యాకెట్‌లో పోస్తారు, కెరోటిన్ పోతుంది. ఆ ఎర్ర నూనె కొంచెమైనా జనానికి అలవాటు చేయొచ్చు కదా అని నా కోరిక.

#17 పాఠాల_మాస్టారు

తవుడుకీ అదే బాధ. బియ్యం మర ఆడగానే తవుడులోని ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. అందుకే ఒకప్పుడు తవుడంతా గేదెలకే పోయేది. వెంటనే వేడి తగిలించి ఎంజైమ్‌ని చంపడం నేర్చాకే తవుడు నూనె వంటింటికి వచ్చింది.

#18 గోదారి_అబ్బాయి

మూడున్నర నెలల తర్వాత రాస్తున్నాను, మధ్యలో రాయనందుకు మన్నించండి.

నెలకి మూడు లీటర్లు, పావుకిలో నెయ్యికి వచ్చాం. లెక్క వేశాను, తలకి 25 గ్రాములు. మొదటి నెల 22వ తేదీకే అయిపోయింది, మిగతా రోజులు అమ్మ ఆవిరి కుడుములు, పులుసులు, పచ్చళ్లతో నెట్టింది. రెండో నెల సరిపోయింది. మూడో నెల పావు లీటరు మిగిలింది, అమ్మ ఆ సీసా తెచ్చి నాకు చూపించింది. వేరుశనగ, పప్పునూనె ఉంచుకున్నాం. తవుడు నూనె డబ్బా అయిపోయాక మళ్లీ ఎప్పుడైనా తెస్తాం. కొబ్బరినూనె తలకే.

నాన్నకి రాత్రి అన్నం మానిపించి పెసరట్టు, కూర పెడుతున్నాం. వారానికి రెండుసార్లు కవళ్లు (చేపలు) దొరికితే పులుసు. పొద్దున్న చెంచాడు వేయించిన అవిసె గింజల పొడి. కొత్త రిపోర్టులో ఎల్‌డీఎల్ 98, ట్రైగ్లిజరైడ్లు 171, హెచ్‌డీఎల్ 36. చారన్నం రోజుల్లో మొహం ఎలా ఉండేదో, ఇప్పుడు పక్కింటాయన్ని ఆపి మరీ లెక్క చెబుతున్నారు.

#19 పథ్యం_అక్క

చాలా సంతోషం. ఎల్‌డీఎల్ తగ్గింది ఎక్కువగా మాత్ర వల్లే, రిపోర్టు బాగుందని దాన్ని ఆపకండి, డాక్టరుగారు చెబితేనే. ట్రైగ్లిజరైడ్ల తగ్గుదలలో మాత్రం అమ్మగారి వంట వాటా పెద్దదే. 171 ఇంకా ఎక్కువే, 150 లోపలికి రావాలి. కవళ్లు మానకండి. అవిసెలోని ఒమేగా-3 మంచిదే, కానీ చేపలో ఉండే రకంగా ఒంట్లో మారేది చాలా కొద్ది. ఒకటి రెండోదానికి బదులు కాదు.

#20 గోదారి_అబ్బాయి

సరే అక్కా. ఇంకొక్క సందేహం. ఆవకాయ రోజులొస్తున్నాయి. అమ్మ ఏటా పప్పునూనెతోనే పెడుతుంది. మూడు లీటర్ల లెక్కలో అది ఎలా పట్టించాలి? అసలు నూనె తగ్గించి పెట్టొచ్చా, లేక వేరుశనగ నూనె కలపొచ్చా?

#21 పాఠాల_మాస్టారు

నూనె తగ్గించవద్దు బాబూ, ముక్క మునగకపోతే బూజు పడుతుంది. పప్పునూనె మార్చనూ వద్దు. నువ్వుల్లో సెసమాల్ లాంటి పదార్థాలున్నాయి, అవి ఆక్సిజన్‌ని ద్విబంధం దాకా రానివ్వవు. ఏడాది గడిచినా జాడీలో కనరు వాసన రాకపోవడానికి అదే కారణం.

#22 పథ్యం_అక్క

జాడీ నూనెను నెల లెక్కలో కాకుండా పన్నెండు నెలలకి పంచుకోండి. వడ్డించేటప్పుడు ముక్కతోపాటు ఎంత నూనె వస్తే అంతే. అన్నంలో నూనె మళ్లీ విడిగా పోసుకోవడం మాత్రం నాన్నగారు మానాలి. ఉప్పు కూడా చూసుకోండి, ఆయన బీపీ ఎంతో మీరు ఇంతవరకు రాయలేదు.

#23 గోదారి_అబ్బాయి

138/86 అక్కా. ఉప్పు గురించి రేపు కొత్త చర్చ మొదలుపెడతాను.